తాడు పట్టేవాడు

నవంబరు మూడో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం కురుమూర్తి తిన్నది బగారన్నం, కోడికూర. తేదీ గుర్తుండడానికి కారణం, అది పునీత మార్టిన్ పండుగ. కూర గుర్తుండడానికి కారణం, అందులో సగమే తిన్నాడు. విచారణ గుడి, అంటే వాళ్ల చర్చి, ఆవరణలో పూజ అయ్యాక వడ్డించిన భోజనంలో మిగతా సగం విస్తరాకులో చుట్టి, రాత్రికి ఉంటుందని, తాను పనిచేసే నర్సింగ్ హోముకు తెచ్చుకున్నాడు. ఎవరికో పెట్టాలని కాదు. ఆ మాట తర్వాత చాలాసార్లు తనకు తానే చెప్పుకున్నాడు.

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో ఉంది ఆ నర్సింగ్ హోం. ముప్పై ఏళ్లుగా గాయాలకు కట్లు కట్టడమే అతని పని. కాలిన చేతులు, బండి మీద నుంచి పడ్డ మోకాళ్లు, ట్రాక్టరు కింద నలిగిన వేళ్లు, షుగరు పుండ్లు. డాక్టరు ఒకసారి చూసి వదిలేస్తే, మానేదాకా చూసేది కురుమూర్తే. ఆ రోజు లోపలికి రాగానే మెట్ల కింద, చెప్పులు విడిచే చోట, వార్డులో తాను కట్టు కడుతున్న మనిషి పడుకుని కనిపించాడు. మోకాలు కింది నుంచి మడమ దాకా కట్టు. కట్టు మీదికి పసుపు మరక ఎక్కింది. తల దగ్గర ఒకామె గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్లు విడిచిన చెప్పుల్ని జతలు జతలుగా పక్కకు సర్దుతోంది.

“వార్డుల ఉండాల్సినోడు గీడెందుకున్నడు?” అని కాంపౌండరును అడిగాడు.

“పక్క బెడ్లోళ్లు లొల్లి చేసిన్రన్నా. చెంచోళ్ల పక్కకు మేం పండుకోమన్నరు. వాసనొస్తుందంట.”

“వాసన పుండుది గద.”

“నాకు చెప్తె ఏం లాభం? వాళ్లకు చెప్పు పో.”

వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కురుమూర్తి కూడా చెప్పలేదు.

ఆ మనిషి పేరు లింగస్వామి, ఆమె అతని భార్య ఈరమ్మ. మన్ననూరు దాటి అడవి లోపలికి పది కిలోమీటర్లు నడిస్తే వాళ్ల పెంట వస్తుంది. పెంట అంటే చెంచుల గూడెం. ఇరవై గుడిసెలు ఉంటాయేమో. కొండచరియకు తాడు వేసుకుని తేనె దించబోయి లింగస్వామి రాళ్ల మీద పడ్డాడు. పిక్క నిలువునా చీలింది. తేనె కొనే షావుకారు తన జీపులో తెచ్చి ఇక్కడ పడేసి, రెండు రోజులు కనిపించి, మూడో రోజు నుంచి ఫోను ఎత్తడం మానేశాడు.

డాక్టరు చెడ్డవాడు కాదు. కురుమూర్తిని గదిలోకి పిలిచి ఉన్న సంగతి చెప్పాడు. “రోజు రెండు పూటల కట్టు మార్చాలె, సూది పడాలె. పది పన్నెండు దినాలు గట్ల చూస్తే కాలు దక్కుతది. అడివికి పోయిండంటె చీము మోకాలు దాటుతది. అప్పుడు కాలు తీసుడే. ఈడ ఉంచుకుందమంటె ఉన్న పేషెంట్లు పోతమంటున్నరు. పెద్ద దవాఖానకు రాస్తనంటె వాడు వినడు.”

లింగస్వామి ఎందుకు వినడో కురుమూర్తి వెళ్లి అడిగాడు.

“మా నాయినను తీస్కపోయిన్రు సారు, పెద్ద దవాఖానకు. కాలు లేకుంట తెచ్చిన్రు. కాలు లేనోడు అడివిల ఎట్ల బతుకుతడు? ఏడాదికే పాయె. నన్ను తీస్కపోతె రాత్రికి రాత్రి దేక్కుంటనన్న ఎల్లిపోత.”

అబద్ధం చెప్పే ముఖం కాదు. కురుమూర్తి తన చేతిలో ఉన్న విస్తరాకు పొట్లం ఈరమ్మ ముందు పెట్టాడు. ఆమె పొట్లం విప్పి, ముక్కలన్నీ భర్త వైపు జరిపి, తన వైపు అన్నం మాత్రం ఉంచుకుంది.

“మస్తుంది సారు,” అన్నాడు లింగస్వామి నములుతూ. “ఏం పండుగ?”

“మార్టిన్ అని ఒకాయనది.”

“సర్పంచా?”

“కాదు. మంగలి పని చేసేటోడు. గాయాలకు కట్లు గూడ కట్టేటోడు.”

“అయితె నీ లెక్కనే.”

ఆ మాట అతన్ని పట్టేసింది.

పొద్దున గుడిలో గురువులు చెప్పింది కూడా ఆ మార్టిన్ కథే. నాలుగు వందల ఏళ్ల కిందట, సముద్రాల అవతల పెరూ దేశంలో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్ల తల్లికి పుట్టాడు. తండ్రి తెల్లదొర. బిడ్డకు తల్లి రంగు వచ్చిందని చాన్నాళ్లు నా కొడుకని చెప్పుకోలేదు. మఠంలో చేరబోతే, నీ రంగు వాళ్లను సన్యాసిగా తీసుకోవడానికి నియమం ఒప్పుకోదు, పనివాడిగా ఉండమన్నారు. ఉన్నాడు. ఊడ్చాడు, గడ్డాలు గీశాడు, పుండ్లు కడిగాడు. కత్తిపోటుతో వీధిలో పడి ఉన్న ఒక ఆదివాసిని తెచ్చి తన గదిలో, తన పక్క మీదే పడుకోబెట్టాడు. ఇట్లాంటి వాళ్లను లోపలికి తేవద్దని పెద్దలు అప్పటికే చెప్పి ఉన్నారు. కురుమూర్తి ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నాడు. అతని జ్ఞానస్నానం పేరు కూడా మార్టినే. బడి రిజిస్టరులో కురుమూర్తి, గుడి రిజిస్టరులో మార్టిన్. కురుమూర్తి స్వామి జాతరలో మొక్కుకున్నాక పుట్టిన కొడుకని, తండ్రి ఆ మొదటి పేరును తీసేయనివ్వలేదు. వినీ వినీ అలవాటైన కథ కనుక ఆ పొద్దున గురువులు చెబుతుంటే కురుమూర్తికి కునుకు కూడా పట్టింది.

సాయంత్రం ఆటో పిలిచి ఇద్దర్నీ తన గదికి తీసుకుపోయాడు.

*

ఆ గది ఉన్న ఇల్లు విజయమ్మది. వీపనగండ్ల దగ్గర పొలాలున్న మనిషి. భర్త పోయాక భూములు కౌలుకిచ్చి పట్నంలో ఉంటోంది. వీధి తలుపు తీసి లోపలికి వస్తే వాకిలి, వాకిలికి ముందు వైపు ఆమె ఉండే గదులు, వెనక వైపు కురుమూర్తి గది, మీద పోర్షన్‌లో ఉపేందర్ అనే బ్యాంకు ఉద్యోగి, అతని భార్య, చిన్నపిల్ల. వాకిట్లో ఒక నల్లా, ఒక స్నానాల గది, ఒక మరుగుదొడ్డి ఇంట్లో వాళ్లందరికీ కలిపి.

ఆరేళ్ల కిందట, భార్య లూర్దమ్మ పోయిన ఏడాది, కురుమూర్తి గది వెతుక్కుంటూ వచ్చినప్పుడు విజయమ్మ “ఏమోళ్లు మీరు?” అని అడిగింది. “కిరస్తానపోళ్లమమ్మా” అన్నాడు. ఆ జవాబులోని మిగతా సగం ఆమెకు అర్థమైంది. కొంచెంసేపు ఆలోచించి, “నీసు వాసన ముందుగదిలకు రావొద్దు” అని తాళం చెవి ఇచ్చింది. అప్పటి నుంచి అతను ఆ ఇంట్లో గాలి చప్పుడు కూడా లేకుండా బతికాడు. పాటలు పెట్టలేదు, చుట్టాలను పిలవలేదు.

“ఎవరు కురుమూర్తీ?” అంది విజయమ్మ, ఆటో దిగుతున్న వాళ్లను చూసి.

“పేషెంటమ్మా. పది పన్నెండు దినాలుంటరు.”

“చుట్టాలా?”

“కాదమ్మా.”

“చెంచోళ్ల లెక్కున్నరు.”

“అవునమ్మా.”

ఆమె ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లింది. ఆమె ఏమీ అనకపోవడం ఎట్లాంటిదో తెలిసినవాడు కనుక కురుమూర్తి ఆ రాత్రి నిద్రపోలేదు.

గదిలో ఉన్న ఒక్క మంచం మీద లింగస్వామిని పడుకోబెట్టి, తాను గుమ్మం దగ్గర చాప వేసుకున్నాడు. ఈరమ్మ మంచం కింద పడుకుంది. గోడ మీద మార్టిన్ పటం ఉంది. తెల్ల అంగీ, నల్ల పైబట్ట, చేతిలో చీపురు, కాళ్ల దగ్గర ఒకే పళ్లెంలో తింటున్న కుక్క, పిల్లి, ఎలుక. విజయమ్మ రెండేళ్ల దాకా ఆ పటంలో ఉన్నది కురుమూర్తి తాత అనీ, మున్సిపాలిటీలో పనిచేసేవాడనీ అనుకుంది.

“ఈయన ఎవరు సారు? మావోని లెక్కుండు,” అన్నాడు లింగస్వామి.

“ఆయనే మార్టిన్.”

“చీపురు పట్టిండేంది?”

“ఊడ్చేటోడు.”

లింగస్వామి కాసేపు చూశాడు. “మంచోడే అయ్యుంటడు. పెద్దోడైతె కట్టె పడ్తుండె.”

పునీతుల కథల్లో మంచం మీద పడుకోబెట్టడం దాకానే ఉంటుంది. మర్నాడు పొద్దున ఆరింటికి మరుగుదొడ్డి ముందు నిలబడింది ఎవరు, ఎవరి వెనక ఎవరు వెళ్లారు, బకెట్టు ఎవరిది, ఆ సంగతులు ఉండవు. రెండో రోజే నల్లా దగ్గర విజయమ్మ బిందె కింద పీట వచ్చింది. మూడో రోజు ఉపేందర్ భార్య తన సబ్బుపెట్టె మీదికి తీసుకుపోయింది. నాలుగో రోజు ఉపేందర్ మెట్ల మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, “అన్నా, ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది. వాళ్ల జాతే వేరు, వాళ్ల రోగాలే వేరు. జర ఆలోచించు,” అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఈరమ్మ వాళ్లందరి కంటే ముందే, చీకటితోనే లేచి పనులు ముగించుకునేది. వాడిన నీళ్లకు రెట్టింపు నీళ్లు పోసి స్నానాల గది కడిగేది. ఆ తర్వాత పగలంతా గది దాటి బయటికి వచ్చేది కాదు.

మొదటి రాత్రి వాళ్లకు చాయ్ పోసి ఇచ్చిన గ్లాసును కురుమూర్తి కడిగి, తన గ్లాసులతో పాటు గూట్లో పెట్టకుండా, కిటికీ బయటి అంచు మీద బోర్లించాడు. ఎందుకట్లా చేశాడో చేతికి తెలుసు, అతనికి తెలియదు. మూడో రోజు పొద్దున ఎండ పడి ఆ గ్లాసు మెరిస్తే చూశాడు. అతని తండ్రి ఊరి హోటల్లో చూరులో దోపిన గ్లాసు తీసుకుని, చాయ్ తాగి, కడిగి, మళ్లీ చూరులోనే దోపేవాడు. తనను ఎత్తుకునే ఆ పని చేసేవాడు. కురుమూర్తి గ్లాసు తీసి గూట్లో తక్కిన వాటి మధ్య పెట్టాడు. మధ్యాహ్నం వచ్చేసరికి అది మళ్లీ కిటికీ అంచు మీదే బోర్లించి ఉంది.

“లోపట పెట్టు ఈరమ్మా.”

“ఈడనే మంచిగుంది సారు. కలిసిపోదు.”

కోపంతో అనలేదు ఆమె. మంచికే అన్నట్టు అంది. కురుమూర్తి ఆ తర్వాత ఎన్నిసార్లు లోపల పెట్టినా ఆమె తీసి బయట పెట్టింది.

*

పదో రోజు బుధవారం. ఉపేందర్ బిడ్డకు రెండు రోజులుగా జ్వరం, ఒంటి మీద దద్దులు. ఆ వీధిలో ఆ వారం నలుగురు పిల్లలకు అదే జ్వరం వచ్చింది, కాని తక్కిన మూడిళ్లలో చెంచువాళ్లు లేరు కనుక అక్కడ అది ఉత్త జ్వరమే అయింది.

సాయంత్రం ఆరున్నరకు వెంకటన్న వచ్చాడు. వీధిలో పెద్దమనిషి, ఎవరి ఇంట్లో పంచాయితీ ఉన్నా కుర్చీ వేయించుకుని కూర్చునే మనిషి. వెనక మరో ఇద్దరు. విజయమ్మ తన గుమ్మంలో నిలబడింది. కురుమూర్తి వాకిట్లో నిలబడ్డాడు.

“ఏం కురుమూర్తీ, ధర్మాసుపత్రి పెట్టినవంట.”

“లేదన్నా. ఒక్కడే. కాలు బాగలేదు.”

“ఇయ్యాల ఒక్కడు. రేపు ఎలుగ్గొడ్డును గూడ తెచ్చి పండవెడ్తవా?” వెనక ఇద్దరూ నవ్వారు. వెంకటన్న నవ్వలేదు. “నీకు గది దొరకనీకే ఎన్ని గడపలు తిరిగినవో యాది మర్చినవా? విజయక్క పెద్దమనసుతోని ఇచ్చింది. నీకిచ్చింది. నీ ఎనకాల అడివంతటికి ఇయ్యలె.”

కురుమూర్తి విజయమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు సరిచేసుకుంటోంది.

“శుక్రారం దాక టైమియ్యన్నా. రెండు దినాలు.”

“ఇయ్యాల. ఎనిమిదింటికి నేనే ఆటో తెస్త. మన్ననూరు దాక కిరాయి గూడ నేనే ఇస్త. వాళ్లతోని పాటు నువ్వు గూడ సామాన్లు సర్దుకుంటవా, వాళ్లను ఎక్కిచ్చి ఇంట్లకు పోతవా, నీ ఇష్టం.”

ఆ మధ్యాహ్నమే కురుమూర్తి విచారణ గుడికి వెళ్లి వచ్చాడు, నాలుగు రోజులు అక్కడ చోటు దొరుకుతుందేమోనని. గురువులు ధ్యానకూటానికి వెళ్లారు, తాళం వేసి ఉంది. ఇంకెవరూ గుర్తుకు రాలేదు. యాభై ఏడేళ్ల వయసులో, ఒక మంచం, రెండు పెట్టెలు, ఒక పటం పట్టుకుని మళ్లీ “ఏమోళ్లు మీరు?” అనే గుమ్మాల ముందు నిలబడడం కళ్ల ముందుకు వచ్చింది. అది వచ్చాక, ఇంకేదీ కళ్ల ముందుకు రాలేదు.

“సరే అన్నా,” అన్నాడు.

గదిలోకి వచ్చేసరికి ఈరమ్మ అప్పటికే మూట కడుతోంది. అన్నీ వినపడ్డాయి. రెండు చీరలు, ఒక దుప్పటి, మందుల చీటీ. మంచం మీది దుప్పటి దులిపి, మడత పెట్టి, తలగడ మీద పెట్టడానికి భర్తను ఒక పక్కకు జరుపుతోంది.

“గేటు తొమ్మిదింటికి మూస్తరు గద,” అన్నాడు కురుమూర్తి, ఏదో ఒకటి అనాలని. పులుల అడవి కనుక రాత్రిపూట ఆ దారిలో ఫారెస్టువాళ్లు ఎవర్నీ వదలరు. ఇప్పుడు బయల్దేరితే గేటు మూశాకే చేరతారు.

“ఆటో ఆగిన కాడ పండుకుంటం సారు. తెల్లారి నడుస్తం.”

“ఆయన నడుస్తడా?”

ఈరమ్మ మూట ముడి బిగించింది.

కురుమూర్తి మంచం పట్టె మీద కూర్చున్నాడు. “నాకు చేతకాలే లింగస్వామీ,” అన్నాడు. “నన్ను తప్పు పట్టకు.”

లింగస్వామి ఒళ్లు కాలిపోతోంది. అయినా కొంచెం నవ్వాడు. “నీ తప్పేముంది సారు. పది దినాలు చూసినవ్. నా తాడు ఇడిసినోని మీదనే నాకు కోపం లేదు, నీ మీద ఏముంటది.”

“తాడు తెగలేదా?”

“తెగలే. ఇడిసిండు.” నాలుక తడుపుకున్నాడు. “తేనెకు దిగేటప్పుడు మీద తాడు పట్టేటోడు బావమరిదే కావాలె సారు. పెండ్లాం తమ్ముడో, అన్ననో. మా తాతల నుంచి గంతే. సొంత తమ్ముడు గూడ పట్టొద్దు. తమ్ముడు ఇడిస్తె ఇడువొచ్చు. బావమరిది ఇడువడు, ఇడిస్తె ముండమోసేది వాని అక్కనే గద. మా బావమరిది రాజు కల్వకుర్తి దిక్కు కాల్వ పనికి పోయిండు, ఫోన్ కలుస్తలేదు. షావుకారి మనిషి నేను పడ్త పా అన్నడు. సగం దిగినంక ఈగలు లేచినయ్. వాని మొకమంత కమ్మినయ్. ఇడిసి ఉరికిండు.” కళ్లు మూసుకున్నాడు. “వాని తప్పు గాదు. వానికి అక్క లేదు గద నా ఇంట్ల.”

ఆ మాటలో కురుమూర్తి కోసం దాచిన ముల్లేమీ లేదు. ఉంటే బాగుండేదనిపించింది. లేచి, బల్ల మీది మందుల పెట్టె దించాడు. “పొయ్యేముందు కట్టు మారుస్త,” అన్నాడు. చేతికి వచ్చిన పని అదొక్కటే.

కట్టు విప్పగానే పని మారిపోయింది. పొద్దున లేదు ఆ వాపు. పిక్క కింది వైపు నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడి, లేవలేదు. కుట్ల పక్కన తోలు నల్లబడింది. అక్కడి నుంచి ఒక ఎర్రచార మోకాలు వైపు బయల్దేరి, మోకాలికి నాలుగు వేళ్ల కింద ఆగింది.

డాక్టరు హైదరాబాద్‌లో పెళ్లిలో ఉన్నాడు. ఫోనులో బ్యాండు మేళం. కురుమూర్తి రెండుసార్లు అరిచి చెప్పాక, డాక్టరు ఎక్కడికో పక్కకు వచ్చి మెల్లగా మాట్లాడాడు. “ఇప్పుడే కుట్లు ఇప్పు. తెరిచి చీము మొత్తం తియ్యి. నల్లగున్నది కత్తిరించు. చేసినవ్ గద నా ముంగట ఎన్నోసార్లు. పొద్దుగాల ఏడింటికి నేను వస్త. అప్పటిదాక కాలు కదలొద్దు కురుమూర్తీ. ఆటోల కుదిపినవంటె ఇంక నన్ను పిలువకు, కోసేటోళ్లను పిలువు.”

ఫోను పెట్టేసి గడియారం చూశాడు. ఏడు దాటి పదినిమిషాలు.

“ఈరమ్మా, మూట ఇప్పు,” అన్నాడు.

ఆమె కదల్లేదు.

“నన్నేమని పిలుస్తవు నువ్వు?”

“సారు అంట.”

“ఇయ్యాల్టి సంది అన్నా అను. పొయ్యి మీద నీళ్లు పెట్టు.”

ఈరమ్మ అతని ముఖంలోకి చూసింది. పది రోజుల్లో ఆమె అట్లా సూటిగా చూడడం అదే మొదలు. తర్వాత మూట ముడి లాగేసి గిన్నె తీసుకుంది. కురుమూర్తి కత్తెర, చిమటా, చిన్న కత్తి వరుసగా గుడ్డ మీద పెడుతుంటే, వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

“అన్నా, నీళ్లు మసులుతున్నయ్.”

మత్తు సూది ఉంది, కాని చీము పట్టిన చోట అది సరిగా పనిచేయదు. ఆ సంగతి లింగస్వామికి చెప్పాడు. “ఎంత నొప్పైనా కాలు గుంజొద్దు. గుంజితె నరం తెగుతది.” ఈరమ్మ భర్త తల ఒళ్లో పెట్టుకుని భుజాలు పట్టుకుంది. కాలు పట్టడానికి ఇంకో మనిషి కావాలి. కురుమూర్తికి ఉన్నవి రెండే చేతులు.

గుమ్మంలో విజయమ్మ నిలబడి ఉంది. చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు. “తొవ్వల తింటరని—” అంటూ ఆగిపోయింది. మూట విప్పి ఉంది, కత్తులు పరిచి ఉన్నాయి. “ఏంది గిది? ఎనిమిదింటికి ఆటో వస్తది గద.”

“అమ్మా, కాలు పట్టాలె.”

“నేనా?”

“మీరే. బర్రె ఈనేటప్పుడు పట్టలేదా ఎప్పుడు?”

“బర్రె వేరు.”

“ఎర్రచార చూడున్రి. మోకాలు దాటితె కాలు పోతది. ఇప్పుడు తియ్యకపోతె దాటుతది.” గొంతు పెంచలేదు, బతిమాలలేదు. ఆరేళ్లలో మొదటిసారి ఆమెకు పని చెప్పాడు. “రొట్టెలు ఆడ పెట్టి, మడమ కింద ఒక చెయ్యి, మోకాలు మీద ఒక చెయ్యి. గట్టిగ.”

విజయమ్మ రొట్టెలు కిటికీలో పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. ఒక్క క్షణం ఆమె చేతులు ఆ నల్లటి కాలు మీద గాలిలో ఆగాయి. తర్వాత పట్టుకుంది. కల్లంలో పెరిగిన మనిషి పట్టు అది.

మొదటి కుట్టు తెగగానే లింగస్వామి ఒళ్లంతా విల్లులా లేచింది. నోట్లో తువ్వాలు ఉంది కనుక అరుపు ముక్కులోంచి వచ్చింది. కాలు మాత్రం కదల్లేదు. విజయమ్మ దాని మీద తన బరువంతా వేసింది. రెండో కుట్టు. మూడోది. చీము ఒక్కసారిగా ఉబికి, గుడ్డ మీదికి, మంచం మీదికి, ఆమె మణికట్టు మీదికి కారింది. ఆమె ముఖం తిప్పుకుంది, చేతులు తియ్యలేదు.

“ఇడువకు బావా,” అన్నాడు లింగస్వామి, తువ్వాలు ఉమ్మేసి. “ఇడువకు.”

“ఇడువ,” అన్నాడు కురుమూర్తి. చెమట కళ్లలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నల్లబడిన తోలు కత్తిరిస్తూ పోయాడు, ఎర్రని నెత్తురు కనిపించేదాకా. ఎర్రగా కారిందంటే కింద ప్రాణం ఉన్నట్టు. ఒక చోట కనిపించింది. ఇంకో చోట కనిపించడానికి చాలాసేపు పట్టింది.

“బావ ఎట్లయిండు నీకు?” అని విజయమ్మ అడిగింది, తల తిప్పుకునే.

జవాబు ఈరమ్మ చెప్పింది. “మా అన్న గదమ్మా.”

“ఎప్పటి సంది?”

“ఇందాక సంది.”

విజయమ్మ కాసేపటికి, “ఈ పక్క గూడ పట్టాల్నా?” అని కురుమూర్తిని అడిగింది.

గాయం కడిగి, మందు పెట్టిన గుడ్డ దోపి, వదులుగా కట్టు కట్టేసరికి లింగస్వామి ఊపిరి నిదానంగా ఆడుతోంది. నిద్రో, సొమ్మసిలడమో. కురుమూర్తి నాడి పట్టి చూశాడు. నిద్రే. ఎర్రచార ఎక్కడ ఆగిందో బాల్ పెన్నుతో కాలి మీద గీత గీశాడు. పొద్దుటికి ఆ గీత దాటుతుందో, అక్కడే ఉంటుందో, వెనక్కి తగ్గుతుందో, ఎవరి చేతుల్లోనూ లేదు. ఇక కావలసింది కదలకుండా ఒక రాత్రి.

బయట వీధిలో ఆటో వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు.

విజయమ్మ నల్లా దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. వీధి తలుపు తోసుకుని వెంకటన్న ఒక కాలు లోపలికి పెట్టాడు. కురుమూర్తి గది గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో ఇంకా కత్తెర ఉందని కూడా తెలియకుండా. తాను ముందుకు పోయి మాట్లాడాలి. ఏమి మాట్లాడాలో సిద్ధం చేసుకుంటున్నాడు: సామాన్లు సర్దుకుంటాను, కాని రేపు పొద్దున, డాక్టరు చూశాక. ఈ రాత్రికి మాత్రం నన్ను కదిలించాలంటే మంచంతో సహా ఎత్తండి.

“అక్కా, ఆటో వచ్చింది. మూటలు తెమ్మను,” అన్నాడు వెంకటన్న.

“పంపియ్యి వెంకటన్నా.”

“గదేంది? పొద్దుగాల నువ్వే గద నా ఇంటికొచ్చి—”

“వచ్చిన. అన్న. లేదంటలేను.” నీళ్లు దులుపుకుని, తడిచేతులతోనే వీధి తలుపు దాకా నడిచింది. “కాలు కోసిండు. నెత్తురు కారుతున్నది. ఇప్పుడు కదిలిస్తె తొవ్వల పీనుగైతడు. నా ఇంట్ల నుంచి లేచిన పీనుగని రేపు ఊరంత నువ్వే చెప్తవ్.”

“మరి ఎప్పుడు పోతరు?”

“కాలు మానినంక.”

“ఉపేందర్ ఖాళీ చేస్తనంటుండు.”

“తాళంచెవి ఇచ్చి పొమ్మను.”

“గీ చెంచోళ్ల కోసమా అక్కా? వీధిల ఏమంటరో తెలుసా నీకు?”

“తెలుసు. పదిదినాల సంది నేనే అన్న గద.”

వెంకటన్న ఇంకా ఏదో అనబోయి, ఆమె భుజం మీదుగా కురుమూర్తి వైపు, అతని చేతి కత్తెర వైపు చూసి, “రేపు మాట్లాడుకుందాం,” అన్నాడు. అది బెదిరింపో, వెనక్కి తగ్గడమో, అతనికే తేలినట్టు లేదు. గడప అవతలికి కాలు తీసుకున్నాడు. ఆటో కాసేపు అక్కడే గుర్రుమని, తర్వాత వీధి చివర దాకా పోయి మలుపు తిరిగింది.

మీద పోర్షన్‌లో పిల్ల దగ్గుతోంది. గదిలో ఈరమ్మ చిన్న బల్బు ఒక్కటి ఉంచి, పెద్ద లైటు ఆర్పేసింది.

“పండుకున్నడా?” అని విజయమ్మ గుసగుసగా అడిగింది.

కురుమూర్తి తలూపాడు.

ఆమె వీధి తలుపు రెక్కలు రెండూ దగ్గరికి చేర్చింది. ఇనుప గడియ మోత వాకిలంతా వినపడుతుందని, దాని కింద ఎడమచెయ్యి అడ్డుపెట్టి, మెల్లగా, చప్పుడు కాకుండా వేసింది.